ఎనిమిదో ప్రశ్న

పోటుకు పదకొండు రోజులు

ఇది కాగితం పుస్తకం. కావాలనే కాగితం మీద రాస్తున్నాను. తూకం అనే యంత్రం మా బురుజులో ప్రతి గోడకూ చెవులు పెట్టింది, ప్రతి ఒక్కరి చేతికీ కడియం తొడిగింది. కాగితం మీద పెన్సిలు గీతలు చదవడం మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. నేర్పారేమో అని కూడా నాకు అనుమానమే. అందుకే ఈ పుస్తకాన్ని చింతపండు డబ్బాలో అడుగున పెడుతున్నాను.

నా పేరు నేలపూడి ఎస్తేరు. సుబేదారును. పెనుకట్ట తొమ్మిదో బురుజులో పతకాల విచారణ గది నాది. యుద్ధాలు మానేసి ముప్పై ఎనిమిదేళ్ళయింది. అయినా సైన్యం ఉంది, సముద్రానికి అడ్డంగా కట్టిన ఈ కట్ట మీద కాపలా కాస్తోంది. సముద్రం ఎవరి ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు కదా.

పొద్దున్నే పతకాల పెట్టె తీసి చింతపండుతో తోమాను. ఉప్పుగాలికి ఇత్తడి వారం తిరక్కుండానే చిలుం పడుతుంది. ఎన్ని రకాల పతకాలో. తుపాకీకి పదేళ్ళు తుప్పు పట్టకుండా చూసుకుంటే ఒకటి, మంచు చౌకీలో రెండు చలికాలాలు గడిపితే ఒకటి, ఎవరితోనూ గొడవపడకుండా పదిహేనేళ్ళు నెట్టుకొస్తే ఒకటి. ఇవి రొమ్ము నింపుకోవడానికి పనికొస్తాయి, అంతే. కెప్టెన్ మేజరు కావాలన్నా, మేజరు కల్నల్ కావాలన్నా ప్రాణరక్షణ పతకం ఒక్కటే లెక్కలోకొస్తుంది. శత్రువు లేడు కాబట్టి చంపి చూపించలేరు, కాపాడి చూపించాలి.

కాపాడానని అధికారి తనకు తాను చెప్పుకుంటే చాలదు. అధికారుల కడియంలో నాడితో పాటు నీటి లోతు కూడా నమోదవుతుంది, అవి చూసి తూకం ఒప్పుకోవాలి. ఒక పోటుకు ఒకే పతకం. ఇద్దరు కాపాడితే ఎక్కువ తెగించినవాడికే. ఆ తర్వాత ప్రాణం దక్కినవాళ్ళు నా ఎదుట కూర్చుని ఎనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పి, తమ చేత్తో పతకాన్ని ఆ అధికారి రొమ్ముకు గుచ్చాలి. ఏడు ప్రశ్నలు చట్టంలోవి. ఎనిమిదోది విచారించే మనిషి సొంతంగా పెట్టుకోవచ్చు. నేను పెట్టుకున్నది ఇది: నిన్ను పైకి లాగినప్పుడు నీ చేతిలో ఏముంది?

పాత వరదలో మా అమ్మను పైకి లాగినప్పుడు ఆవిడ చేతిలో రోకలి ఉందట. అదెందుకు పట్టుకున్నావే అని ఎంతమంది అడిగినా చచ్చేదాకా చెప్పలేకపోయింది. ఆ రోకలే నాకు కొలబద్ద.

ఇవాళ కొల్లాటి నూకయ్య వచ్చాడు. పల్లపు పేట మనిషి. కట్ట కట్టినప్పుడు సముద్రం వైపు మిగిలిపోయిన పేట అది. పోయిన పోటులో ఒక లెఫ్టినెంటు తనను కాపాడాడని చెప్పాడు. ఎనిమిదో ప్రశ్న అడిగాను.

"ఇంటి సీటీ అండి. పలాస్టిక్ సంచిలో సుట్టి ముడేసి పట్టుకున్నానండి," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. ఇంటి చీటీ అంటే ఇల్లు ఎవరిదో రాసి ఇచ్చే కాగితం. చెప్పులున్నాయా అని అడిగితే రెండూ ఉన్నాయన్నాడు.

రొమ్ము లోతు నీళ్ళలో కొట్టుకుపోయేవాడి కాళ్ళకు రెండు చెప్పులూ ఎలా ఉంటాయి? కానీ తూకం అప్పటికే ఒప్పుకుంది. నా దగ్గర అనుమానం తప్ప ఇంకేమీ లేదు. సంతకం పెట్టాను. పెట్టినప్పటి నుంచీ చెయ్యి దురదగా ఉంది.

పోటుకు పది రోజులు

పాత విచారణ కాగితాల కట్టలన్నీ దించాను. దుమ్ముకు రోజంతా తుమ్ములే.

మిగతా పేటల వాళ్ళు ఎనిమిదో ప్రశ్నకు చెప్పిన జవాబులు చదువుతుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. సగం విరిగిన దువ్వెన. పక్కింటివాళ్ళ కోడి. ఫోటో లేని ఫోటో చట్రం. ఒకావిడైతే ఊరగాయ జాడీ మూత పట్టుకుంది, జాడీ లేదు.

పల్లపు పేట నుంచి ఆరేళ్ళలో నూకయ్యతో కలిపి ఇరవై రెండు విచారణలు. ఇరవై రెండు మంది చేతుల్లోనూ ఇంటి చీటీయే. ప్లాస్టిక్ సంచి, ముడి. నీళ్ళు ముంచుకొస్తుంటే ఇంతమంది ఇంత బుద్ధిగా ఉన్నారా?

ఇంటి చీటీయే ఎందుకో నాకు తెలుసు. ప్రతి పతకమూ అయిదేళ్ళకోసారి మళ్ళీ విచారణకొస్తుంది, అప్పటికి సాక్షి అందుబాటులో ఉండాలి. అందుకని సాక్షి కుటుంబానికి కట్ట లోపల ఇల్లిస్తారు. పాత ఇంటి చీటీ అప్పగిస్తేనే కొత్త తాళం ఇస్తారు. ఇల్లొస్తుందని ముందే తెలిసినవాడే మునిగేటప్పుడు కూడా చీటీ మరిచిపోడు.

ఇంకోటి కూడా కనిపించింది. ఆ ఇరవై రెండు పోటులకూ ఏ అధికారి ఎక్కడ నిలబడాలో కాపలా పట్టీ రాసింది ఒక్కరే. మేజర్ సోమరాజు.

పోటుకు తొమ్మిది రోజులు

కెప్టెన్ ఫణిభూషణ్ నా గదికొచ్చాడు. ఊరికే వచ్చానన్నాడు. ఈ గదికి ఊరికే ఎవరూ రారు.

మాటల్లో పెట్టి, ప్రాణరక్షణ పతకం పిన్ను ఎంత పొడుగుంటుందని అడిగాడు. ఎందుకని అడిగితే, కొత్త చొక్కా కుట్టిస్తున్నాననీ, జేబు కాస్త కిందికి దించమని దర్జీకి చెప్పాలనీ అన్నాడు. కాపాడవలసిన మనిషి ఇంకా మునగలేదు, పతకానికి మాత్రం చొక్కా మీద చోటు సిద్ధమైపోతోంది. మంచి మనిషే, కల్లాకపటం తెలియనివాడు. అందుకే దొరికిపోయాడు.

పున్నమి పోటుకు మీ కాపలా ఎక్కడ సార్ అన్నాను. పల్లపు పేటలో, ధనకొండ ఇంటి దగ్గర అన్నాడు. అని, పెదవి కొరుక్కున్నాడు.

పోటుకు ఏడు రోజులు

సోమరాజు గారి గురించి రాయాలి.

ఈయన్ని కుర్ర అధికారులు చాటుగా బోడి మేజరు అంటారు. జుట్టు బాగానే ఉంది, బోడిగా ఉన్నది రొమ్ము. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క పతకం లేదు. గొడవపడనివాళ్ళకిచ్చేది కూడా లేదు, ఎందుకంటే ఓసారి పైవాళ్ళతో గొడవపడ్డాడట. ఇంకో ఏడాదిన్నరలో మేజరుగానే దిగిపోతాడు. నాతో సహా అందరినీ అండీ అనే పిలుస్తాడు. అంత మర్యాద చూస్తే నాకు మొదట్నుంచీ గుబులే.

తనకు పతకం లేనివాడు ఇరవై రెండు మందికి పతకాలు ఎందుకు కట్టబెడతాడు? ఊరికే కట్టబెట్టడు. కుర్రవాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకుంటూ ఉండాలి. రేపు వాళ్ళు కల్నల్‌లైతే ఈయనకేదో ఒరగాలి.

ఇవాళ మధ్యాహ్నం ఆయన కట్ట దిగి పల్లపు పేటకు నడిచాడు. నేను ఎండు రొయ్యపప్పు కొనే వంకతో సంచి పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆయన ఇల్లిల్లూ తిరిగి, గుంజల మీద నీటి మరకలు కొలుస్తూ ఏదో రాసుకున్నాడు. ధనకొండ ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడ్డాడు. నేను వలల పాక వెనక నిలబడి చూశాను. నా సంచిలో రొయ్యపప్పు లేదు. నా బతుక్కి గూఢచారి పని కూడా తోడైంది.

పోటుకు ఆరు రోజులు

ఇవాళ నిజంగానే ధనకొండ దగ్గర రొయ్యపప్పు కొన్నాను.

పెమ్మాడి ధనకొండకు అరవై దాటి ఉంటాయి. తాటి దుంగల మీద నిలబెట్టిన ఇల్లు, నాలుగు గిన్నెలు, గోడకు ఒక గరిటె. మొగుడు అప్పారావుకు మోకాళ్ళు రెండూ పోయాయి, మంచం మీదే ఉంటాడు. నన్ను చూసి ఆవిడ కంగారు పడలేదు. పీట వేసింది.

కట్ట లోపల ఇంటికి అర్జీ పెట్టుకోలేదా అన్నాను. పెట్టి ఇరవై ఏడేళ్ళయిందట. వరసలో తన పేరు ఎక్కడుందో అడగడానికి వెళితే, వరస రాసిన పుస్తకమే మారిపోయిందన్నారట.

"నాకేం, అటకెక్కి కూకుంటానండి," అంది. "ఈయన్ని ఎక్కించలేను. పోయిన పోటుకి నీళ్ళు మంచం కోళ్ళు దాటాయి. ఇంకో మూరొస్తే ఈయన ముక్కు కాడికొత్తాదండి."

ఈసారి పోటుకు కెప్టెన్ గారు మీ ఇంటి దగ్గరే ఉంటారట కదా అన్నాను, ఆవిడ ముఖమే చూస్తూ. ఆయ్, అంది. అంతే. రొయ్యపప్పు పొట్లం కట్టి, ఇంకో గుప్పెడు కొసరు వేసింది. ఆ కొసరు ఎందుకు వేసినట్టు? లంచమా? ఇంటికొచ్చి కొసరు వేరుగా తీసి పెట్టాను. తర్వాత సిగ్గేసి రెండూ కలిపి వండుకున్నాను.

పోటుకు మూడు రోజులు

ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. ఇరవై రెండు పేర్లు, ఇరవై రెండు ఇంటి చీటీలు, చెప్పుల సంగతి, దర్జీ సంగతి, సోమరాజు గారి కాపలా పట్టీలు. పోటు రోజున స్వయంగా చూసి, చూసింది కింద రాసి, పై కార్యాలయానికి పంపాలి.

దొంగ పతకాన్ని పట్టిస్తే నిఘా పతకం ఇస్తారు. అధికారి కాని మనిషికి ఈ బురుజులో రాగల పతకం అదొక్కటే. ఇంతవరకూ ఎవరికీ రాలేదు, పెట్టెలో అడుగున వెల్వెట్ గుంటలో అలాగే ఉంది. ఇవాళ దాన్ని కాస్త ఎక్కువసేపు తోమాను. దాచడం ఎందుకు, నాకు అది కావాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంకొకరి రొమ్ముకు పిన్ను ఎక్కడ గుచ్చాలో చూపించిన చెయ్యి ఇది.

ఇరవై రెండు పతకాలూ రద్దయితే సాక్షి ఇళ్ళ సంగతేమిటని ఒక్కసారి మనసులోకొచ్చింది. ఇళ్ళు నా శాఖ కాదు. ఫిర్యాదు సంచిలో పెట్టి సంచి మేకుకు తగిలించాను.

పోటు మర్నాడు

ఆసుపత్రి గదిలో రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

నిన్న పొద్దున ఎనిమిదింటికే పల్లపు పేటకు వెళ్ళి వలల పాకలో దాక్కున్నాను. ఫిర్యాదు సంచి భుజాన ఉంది. వలల సందులోంచి అంతా కనిపిస్తోంది. ధనకొండ వాకిట్లో బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉంది, కాళ్ళకు చెప్పులు రెండూ, చేతిలో ప్లాస్టిక్ సంచి. కెప్టెన్ ఫణిభూషణ్ నడుముకు తాడు కట్టుకుని, నడుం లోతు నీళ్ళలో ఉన్నచోటే పరిగెడుతున్నాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కడియంలో నాడి పెంచుకుంటున్నాడు. సోమరాజు గారు గట్టు మీద గడియారం చూస్తున్నాడు. నాకు ఒళ్ళంతా సంతోషం పాకింది. దొరికారు అనుకున్నాను.

పోటు రావలసిన ఎత్తుకు వచ్చింది. అక్కడితో ఆగలేదు. సోమరాజు గారు తలెత్తి సముద్రం వైపు చూడడం, ఆయన నోరు తెరుచుకోవడం చూశాను. ఇంకో నీటి గోడ వచ్చింది. పాక నా మీద కూలింది.

వలలు కాళ్ళకు చుట్టుకున్నాయి. నాకు ఈత రాదు, కట్ట మీద బతుకుతూ ఈత రాదని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మింగిన నీళ్ళు ఎన్నో. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. భయపడ్డాను, చాలా భయపడ్డాను. అంతకు మించి ఏమీ గుర్తులేదు.

నన్ను లాగింది సోమరాజు గారు. తాడు లేకుండా దూకాడట. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, వలను పళ్ళతో కొరికి నా కాలు విడిపించాడట. గట్టు మీద కళ్ళు తెరిచేసరికి ఆయన నా పక్కన కూర్చుని, బిగిసిపోయిన నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. ఫిర్యాదు సంచి పోయింది. నా గుప్పిట్లో ధనకొండ ఇంటి గరిటె ఉంది.

అది నా చేతికెలా వచ్చిందో, నేనెందుకు వదల్లేదో నాకు తెలియదు.

ఈలోగా కెప్టెన్ ఒక తాటి దుంగను కౌగిలించుకుని ఉండిపోయాడు. నీళ్ళు కాస్త తగ్గాకే కదిలాడు. ధనకొండ ఇంట్లోకి పరిగెత్తి, మొగుణ్ణి చీరకొంగుతో దూలానికి కట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి, అతని ముక్కు నీళ్ళపైకి ఉండేలా ఎత్తి పట్టుకుందట. ఎంతసేపో ఆవిడకూ తెలియదు. ఆ తర్వాత కెప్టెన్ పడవ తెచ్చి ఇద్దర్నీ ఎక్కించాడు.

పోటు వెళ్ళిన రెండో రోజు

సోమరాజు గారు చూడ్డానికొచ్చారు. చేతిలో బత్తాయిలు. కడియాలు రెండూ తీసి, నీళ్ళలో నాని పాడయ్యాయేమో చూపించాలని చెప్పి బయట కాపలావాడికిచ్చి పంపేశారు. ఆసుపత్రి గోడలకు తూకం చెవులు పెట్టకూడదని చట్టం. ఆయన కావాలనే ఇక్కడికొచ్చారని అర్థమైంది.

నేనే మొదలుపెట్టాను. ఇరవై రెండు చీటీల సంగతి, చెప్పుల సంగతి, దర్జీ సంగతి, అన్నీ చెప్పాను. నీళ్ళు మింగిన గొంతుతో కూడా గట్టిగానే అడిగాను, కుర్రవాళ్ళ దగ్గర ఏం పుచ్చుకుంటున్నారని.

ఆయన బత్తాయి తొక్క తీస్తూ అంతా విన్నారు. కాదనలేదు. ఏమీ పుచ్చుకోలేదన్నారు. కుర్ర అధికారులు ఆయన్ని పతకాల దళారి అనుకుంటారట, పతకమొస్తే చాలని చెప్పినట్టు చేస్తారట. ఇల్లు ఎవరికొచ్చిందో వాళ్ళలో ఒక్కరూ అడగలేదట.

"ముప్పై యేళ్ళ కిందట ఈ కట్టకి గుంజలు పాతింది నేనేనండి," అన్నారు. "అప్పుడు లెఫ్టినెంటుని. పటంలో గీత ఎటుంటే అటు పాతుకుంటూ పోయాను. ఎండగా ఉందని ధనకొండ గారు మజ్జిగిచ్చారు. గీత ఆవిడ ఇంటికి ఇవతలుందని ఆవిడకి తెలీదండి. నాకు తెలుసు. మజ్జిగ తాగి గుంజ పాతాను."

పైవాళ్ళతో గొడవపడ్డది గీత మార్చమనే. మార్చలేదు. పేటలో ముప్పై నాలుగు ఇళ్ళు. అర్జీలు పెట్టించారు, కదల్లేదు. చివరికి చట్టంలో ఒక్క సందు కనిపించింది. పేద మనిషి ప్రాణానికి ఇల్లు రాదు, అధికారి పతకానికి సాక్షయితే వస్తుంది.

మరి మీ పతకం, అన్నాను. ఈ బురుజులో ఇన్నేళ్ళకు ఒక్క నిజమైన రక్షణ జరిగింది, అది నాకే జరిగింది. తూకం తూస్తే ఆయనదే పైచెయ్యి అవుతుంది. రిటైరయ్యేలోగా కల్నల్ కావచ్చు. నా చేత్తో గుచ్చుతానని చెప్పాను. చెబుతూ ఏడ్చాను, నీరసం వల్ల అనుకుంటాను.

"మీకు ఇల్లుందండి, సుబేదారు గారూ. కట్ట లోపల, మూడో వరసలో," అన్నారాయన. "మీరు సాక్షయితే నాకు పతకమొస్తుంది, ఎవరికీ ఇల్లు రాదు. ఒక పోటుకి ఒకటే. అమావాస్య పోటు ఇంకా పెద్దదండి. అప్పారావు మంచం మీదున్నాడు."

బత్తాయి తొనలు పళ్ళెంలో పెట్టి, సెలవు తీసుకున్నారు. ఏం చెయ్యాలో చెప్పలేదు. అదీ అనుమానంగానే ఉంది నాకు, చెప్పకుండా చేయించే మనుషులు మరీ ప్రమాదం.

పోటు వెళ్ళిన మూడో రోజు

పడుకుని ఆలోచించాను. ఫిర్యాదు మళ్ళీ రాయగలను, ఇరవై రెండు పేర్లూ నోటికి వచ్చు. నిఘా పతకం నాదే. నూకయ్య సామాను ఎత్తుకుని మళ్ళీ కట్ట దిగుతాడు. వెనక ఇరవై ఒక్క కుటుంబాలు. ఇళ్ళు నా శాఖ కాదని ఆ రోజు రాసిన మాట చదివాను. రబ్బరుతో చెరిపేద్దామనుకుని, చెరపలేదు. ఉండనీ.

ఇరవై తొమ్మిదేళ్ళలో నేను అబద్ధం రాయలేదు. ఎవరి అబద్ధానికైనా సంతకం పెట్టి ఉంటే తెలియక పెట్టాను. అదొక్కటే నాకున్న గొప్ప. మిగతా జనం రొమ్ము మీద పెట్టుకునేది నేను లోపల పెట్టుకుని తిరిగాను.

ఆ గొప్ప గడ్డం కింద చెయ్యి పెట్టి అప్పారావు ముక్కును నీళ్ళపైకి ఎత్తగలదా?

పోటు వెళ్ళిన నాలుగో రోజు

పొద్దున తూకం నన్ను పిలిచింది. సాక్షి కుర్చీలో నన్నే కూర్చోబెట్టారు. ఎదటి వైపు నుంచి ఈ గది ఇంత ఇరుకుగా కనిపిస్తుందని ఇప్పుడే తెలిసింది.

మేజర్ సోమరాజు కడియం ప్రకారం అత్యధిక సాహసం నమోదయిందనీ, ఆయన కాపాడిన వ్యక్తి నేనేననీ, ధ్రువీకరించమనీ అడిగింది. నేను మునగలేదన్నాను. నా నాడి నూట అరవై దాటిందని చెప్పింది. నాకు నీళ్ళంటే భయమనీ, మోకాలి లోతులో ఉన్నా అంతే కొట్టుకుంటుందనీ అన్నాను. ఇందులో సగం నిజమే.

ఏడు ప్రశ్నలకూ ఏడు అబద్ధాలు చెప్పాను. ఎనిమిదో ప్రశ్న వచ్చింది.

"ఈ ప్రశ్న మీరే చేర్చినది," అంది తూకం. "మిమ్మల్ని పైకి లాగినప్పుడు మీ చేతిలో ఏమున్నది?"

"ఎవరూ లాగలేదు. కాళ్ళు కడుక్కుందామని దిగాను," అన్నాను. "చేతిలో చెంబుంది."

సాక్షి ఒప్పుకోని రక్షణ రక్షణ కాదని చట్టం. మేజర్ సోమరాజు పేరు కొట్టేసింది.

మధ్యాహ్నం ధనకొండ వచ్చింది. ఈసారి నేను నా కుర్చీలో. కొత్త చొక్కా తొడుక్కుని కెప్టెన్ గుమ్మం పక్కన నిలబడ్డాడు, జేబు నిజంగానే కిందికి దించి కుట్టారు. చొక్కాయే కాదు, మనిషీ మారాడు, ధనకొండ వంక చూడలేకపోతున్నాడు. ఏడు ప్రశ్నలకూ ఆవిడ తడుముకోకుండా జవాబు చెప్పింది, బాగా నేర్చుకొచ్చింది. ఎనిమిదోది అడిగాను.

ఆవిడ ఇంటి చీ అని మొదలుపెట్టేసరికి నాకు దగ్గొచ్చింది. గట్టిగానే దగ్గాను. సొరుగు తీసి, గరిటె బల్ల మీద పెట్టాను. గోడలకు చెవులే గాని కళ్ళు లేవు. ప్రశ్న మళ్ళీ అడిగాను.

ధనకొండ గరిటెను చూసింది, నన్ను చూసింది. ఆవిడ కళ్ళు నిండాయి.

"గరిటండి," అంది. "మా ఇంటిదేనండి. అదెందుకు పట్టుకున్నానో నాకు తెల్దండి."

మా అమ్మ రోకలి గురించి అచ్చంగా ఇదే మాట అనేది. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. ఆ పోటులో జరిగిన ఒకే ఒక్క నిజం ధనకొండ పేరు మీద రికార్డుకెక్కింది. తూకం వెంటనే ఒప్పుకుంది. ఆవిడ లేచి వెళ్ళి పతకం గుచ్చింది. పిన్ను చొక్కా దాటి కెప్టెన్‌కు గుచ్చుకుంది కూడా.

వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చింది. కొత్తింట్లో పప్పు కలపడానికి అదొక్కటే ఉందనీ, తీసుకెళ్ళొచ్చా అనీ అడిగింది. తీసుకెళ్ళమన్నాను.

అమావాస్య పోటుకు తొమ్మిది రోజులు

పతకాల పెట్టె తోమాను. నిఘా పతకానికి మళ్ళీ చిలుం పట్టింది. ఈసారి దాన్ని అలాగే వదిలేశాను.

పల్లపు పేటలో ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి. నా సర్వీసు ఇంకా పద్నాలుగు నెలలుంది. నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేవాడు నాకంటే అనుమానం మనిషి కావచ్చు, పాత కట్టలు దించి తుమ్ముకుంటూ చదవొచ్చు. అందుకని ఒక కాగితం రాసి, మడిచి, రొయ్యపప్పు పొట్లంలో పెట్టి సోమరాజు గారికి పంపాను. ఏ ఇంటివాళ్ళ చేతిలో ఏముండాలో ఇంటికొకటి చొప్పున రాశాను: తాళం లేని తాళంచెవి, దీపం బుడ్డి, ఒక జడగంట, పొయ్యి ఊదే గొట్టం, అలా పదకొండు. కింద ఇది కూడా రాశాను: ఇంటి చీటీ లోపల బొడ్లో దోపుకోమనండి, చేతిలో వద్దు. ఒక చెప్పు ముందే వదిలేసి రమ్మనండి.